బ్యాకప్ సంబంధాలు

ఆడపిల్లకి సంబంధం కుదర్చడం కన్నా కష్టమైన పని లేదని మా పెద్దవాళ్లు అనేవారు. పాపం, వాళ్లకి ఇంటి కంప్యూటర్‌కి బ్యాకప్ సాఫ్ట్‌వేర్, అంటే ఫైళ్లకి ఇంకో కాపీ తీసి దాచే సాఫ్ట్‌వేర్, వెతికే యోగం పట్టలేదు. నేను పద్నాలుగు నెలలుగా అదే పని మీద ఉన్నాను. ఈ పద్నాలుగు నెలల్లో ఒక్క ఫైలూ బ్యాకప్ కాలేదన్నది నిజమే. తొందరపడి ఏదో ఒకదానికి కట్టబెట్టేసి, రేపు ఏడిస్తే ఎవరొస్తారు?

దీనంతటికీ మూలం తిత్లీ తుపాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమట్టం చేసింది. అది వెళ్లిపోయిన ఆరేళ్లకి, శ్రీకాకుళంలో మా మేడ మీద కూర్చుని ఉండగా, నాకు కంప్యూటర్ గురించి భయం పట్టుకుంది. ఇంత ముందుచూపు అందరికీ ఉండదు.

మొదట వచ్చింది ఇంటి సంబంధమే. ఫైల్ హిస్టరీ అని, విండోస్ 8తో 2012లో వచ్చింది. బయట డిస్కు ఒకటి తగిలించి ఆన్ చేస్తే, డాక్యుమెంట్లూ ఫొటోలూ ఉండే ఫోల్డర్లలో ఏ ఫైలు మారినా గంటకోసారి కాపీ తీసి, పాత వెర్షన్లు కూడా దాచిపెడుతుంది. పైసా కట్నం అక్కర్లేదు. కానీ చదువుకున్నవాళ్లం, మేనరికం ఎలా చేస్తాం?

యాపిల్ వాళ్ల టైమ్ మెషీన్ జాతకం మరీ బాగుంది. గడిచిన ఇరవై నాలుగు గంటలకి గంటకొకటి, నెల రోజులకి రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి చొప్పున పాత రూపాలు ఉంచుతుంది. అయితే ఇంట్లో వాళ్ల మాక్ కంప్యూటరే ఉండాలట. మన తాహతు ఎక్కడ, వాళ్లదెక్కడ. డూప్లికేటి అనే ఇంకో సంబంధం ఉచితం, ఫైళ్లకి ఎన్‌క్రిప్షన్ అనే తాళం వేసి మరీ దాస్తుందన్నారు. సెల్ ఛార్జర్లు కొని దెబ్బతిన్నవాణ్ని, పేరులోనే డూప్లికేట్ పెట్టుకున్నవాడికి ఇల్లెలా అప్పగిస్తాను? రెస్టిక్ అనే మరో సంబంధం గుణవంతుడే గానీ, నల్లటి తెర మీద కమాండ్లు కొడితే తప్ప నోరు విప్పడు.

వీటన్నిటినీ ఇరవై మూడు గడుల ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించాను. దాని పేరు ‘ఎంపిక_ఫైనల్_అసలుది_2’. మా ఇంట్లో వెర్షనింగ్ లేదనేవాళ్లు ఈ పేరు ఓసారి చదువుకోవాలి.

పట్టికని క్లౌడ్ ఫోల్డర్‌లో పెట్టాను, భద్రంగా ఉంటుందని. ఓ రోజు మా అమ్మాయి అందులోనే తన యూనిట్ టెస్టు మార్కులు వేసుకుని సేవ్ నొక్కింది. క్లౌడ్ దాన్ని కళ్లకద్దుకుని, క్షణాల్లో నా ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మోసుకుపోయింది. సింక్ అంటే అంతేనట, ఇక్కడ చెడితే అక్కడా అదే చెడును చేరవేస్తుంది, బ్యాకప్ అనే బాధ్యత పెట్టుకోదు. పాత వెర్షన్ ముప్పై రోజులు ఉంటుంది. నేను చూసుకున్నది నలభయ్యో రోజు. ఆ నలభై రోజులూ నేను ఖాళీగా లేను. పాత వెర్షన్లు ఎన్నాళ్లు దాచుకోవాలన్న విషయం మీద వీడియోలు చూస్తున్నాను.

పైగా 3-2-1 అని ఒక సూత్రం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. దూరం అంటే ఎంత? నాగావళి దాటిస్తే చాలా, వంశధార కూడా దాటించాలా? తుపాను వస్తే రెండు ఒడ్లకీ ఒకేసారి వస్తుందే! పటం పరుచుకుని ఓ ఆదివారమంతా ఆలోచించాను. ఇక 2017 మే నెలలో వచ్చిన వాన్నాక్రై లాంటి వైరస్‌లు, కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్కుని కూడా తాళం వేసేస్తాయి. అందుకే కొత్తగా కొన్న డిస్కుని తగిలించలేదు. డబ్బా సీలే తియ్యలేదు. దాని మీద ఇంతవరకూ ఒక్క వైరస్ దాడి జరగలేదని గర్వంగా మనవి చేస్తున్నాను.

మొన్న నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సీలు ఊడి ఉంది. మా ఆవిడ, నాన్నగారి ఫొటోలూ పాస్‌బుక్ స్కాన్లూ పిల్లదాని డాన్సు వీడియోలూ అన్నీ పట్టి లాగి అందులోకి కాపీ చేసేసింది. షెడ్యూల్ లేదు, వెర్షన్లు లేవు, ఎన్‌క్రిప్షన్ అసలే లేదు. ఇది ఏ పద్ధతి అని నేను నిలదీస్తుంటే మా అమ్మ మధ్యలో వచ్చింది.

“ఏట్రా నీ గోల? అప్ప రేపు ఇజీనారం ఎల్తాది గదా, దాని సంచీలో పడీసీ.”

మర్నాడు బస్సు కాంప్లెక్స్‌లో మా అప్పని, అదే మా అక్కని, విజయనగరం బస్సెక్కించాను. పట్టిక మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాను, ఎన్‌క్రిప్షన్ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అది నిండేవరకూ ఆ సంచీలో ఉన్నదాన్ని బ్యాకప్‌గా గుర్తించేది లేదు. బస్సు కదులుతుంటే మాత్రం కిటికీ దగ్గరకి పరిగెత్తి, “అప్పా, ఆవకాయ జాడీ కిందా, డిస్కు పైనా ఉంచు” అని అరిచాను.