ఈమో 2000 తర్వాత పుట్టినది కాదు
ఈమో సంగీతం, అంటే మనసులోని వేదనను దాచకుండా పాడే రాక్ సంగీతం, 2000 తర్వాత నల్ల దుస్తులతో, కంటి మీదికి జారే జుట్టుతో మొదలైందని దానిపై వ్యాసం రాసినవారు అన్న మాటతో నేను ఏకీభవించలేను. అంతకు పదిహేనేళ్ల ముందే, 1980ల మధ్యలో, వాషింగ్టన్ డీసీలోని హార్డ్‌కోర్ పంక్ (అతివేగంగా, హోరుగా, కోపంగా సాగే రాక్) బృందాల నడుమ అది పుట్టింది. అక్కడి కచేరీలు కొట్లాటలకు వేదికలుగా మారి చాలామందికి విసుగు పుట్టించిన రోజుల్లో, రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బృందం అదే వేగాన్ని, అదే గిటార్ల హోరును ఉంచుకుని, కోపానికి బదులు తమ లోపలి వేదనను గొంతు చించుకుని పాడింది. 1985లో డిస్కార్డ్ రికార్డ్స్ అనే సంగీత సంస్థ విడుదల చేసిన వారి ఆల్బమ్ వింటే ఆ తేడా మొదటి పాటలోనే తెలుస్తుంది. తమ పాటలకు వచ్చిన ‘ఈమో’ అన్న పేరును ముందుగా తిరస్కరించింది కూడా ఆ సంగీతకారులే. 1990లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర పరిసరాల బృందాలు దానికి నెమ్మదినీ, చిక్కని గిటార్ అల్లికనూ తెచ్చాయి. నేను సైతం మొదట విన్నది 2006లో వచ్చిన మై కెమికల్ రొమాన్స్ బృందం ఆల్బమే, అది నాకు ఇప్పటికీ ప్రాణం. అయితే వేషాన్ని బట్టి ఈమోకు ప్రతినిధులుగా అందరూ చూపించే ఆ బృందంలోని గాయకుడు జెరార్డ్ వే కూడా తమకు ఆ ముద్ర వేయడాన్ని ఒప్పుకోలేదు.