పై దిక్కు పూచీ లేదు

మా అక్క కొడుకుకు పద్నాలుగేళ్లు, ఏడీహెచ్‌డీ ఉంది, అంటే ఏకాగ్రత నిలవదు, కుదురుగా ఉండలేడు. లెక్కలు చేయడానికి కూర్చోబెడితే రెండో లెక్క దగ్గర దాహం వేస్తుంది, మూడో లెక్కకు ఇంట్లో ఎవరేం చేస్తున్నారో తనిఖీకి బయలుదేరతాడు. మందులు మానకుండానే, చదువుకు ముందు ఒళ్లు అలిసే ఆట ఏదైనా ఆడించమన్నారు డాక్టరుగారు. అక్క వీఆర్ హెడ్‌సెట్ కొన్నది, కళ్లకు తగిలించుకుంటే ఆట చుట్టూ నిజంలా కనిపించే పరికరం. రెండు చేతుల్లో రెండు కంట్రోలర్లు పట్టుకుని, అందులో మీదికొచ్చే దిమ్మెలను పిడికిళ్లతో పగలగొట్టాలి.

"కుదురు లేనివాడికి గెంతులు మందా?" అన్నారు మా నాన్నగారు. ఒళ్లు కదిలితే మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలు పెరుగుతాయనీ, వీడి మందులు పనిచేసేదీ వాటి మీదేననీ చెప్పాను. పిల్లల ఏడీహెచ్‌డీకి ఒక వీడియో గేమ్‌ను చికిత్సగా వాడుకోవచ్చని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిందని కూడా జోడించాను.

"అదీ గెంతే ఆటేనా?"

"కాదు, ట్యాబ్లెట్ పట్టుకుని ఆడేది."

ఆయన గెలిచినవాడిలా పేపరు విప్పారు.

అసలు చిక్కు వేరే ఉంది. ఏకాగ్రత కోసం కొన్న వస్తువును ఛార్జింగులో పెట్టాలంటే ముందు ఏకాగ్రత ఉండాలి! ఒక కంట్రోలర్ దుప్పటి మడతల్లో దొరికితే రెండోది స్నానాలగది కిటికీలో తేలుతుంది.

ఆ సాయంత్రం ఎందుకో అన్నీ ఒకేచోట దొరికాయి. వాడు హాలు మధ్య నిలబడి ఆటస్థలానికి హద్దు గీసుకున్నాడు. హద్దు దాటబోతే కళ్ల ముందు జాలీగోడ లేస్తుంది. అయితే ఆ లక్ష్మణరేఖ చుట్టూ ఉన్న దిక్కులనే కాస్తుంది, పై దిక్కు దాని పూచీ కాదు. దిమ్మె ఒకటి నెత్తి మీదుగా వచ్చినట్టుంది, కుడి పిడికిలి పైకి లేచింది. ఫట్! వేలాడే దీపం ప్లాస్టిక్ గొడుగు ఊడి, గిరగిరా తిరుగుతూ వెళ్లి నాన్నగారి పేపరు మీద వాలింది.

"మామయ్యా, ఈ దిమ్మె చప్పుడు ఎంత సహజంగా ఉందో!" అన్నాడు వాడు, చేయి ఆపకుండా.

ఆట ముగించి, చెమట తుడుచుకుని లెక్కల ముందు కూర్చున్నాడు. ఇలా వచ్చే కుదురు కాసేపే ఉంటుంది, అయినా ఆ కాసేపూ వాడు తల ఎత్తలేదు. తక్కిన ఇల్లు మాత్రం అల్లకల్లోలం. స్టూలు కోసం వెళ్లిన అక్క చీపురుతో తిరిగొచ్చింది. స్క్రూడ్రైవర్ వెతకబోయిన నేను సొరుగులో దొరికిన పాత ఫొటోలు చూస్తూ ఉండిపోయాను. నాన్నగారు గొడుగు చేత్తో పట్టుకుని, ఎవరికి అప్పగించాలో తెలియక గదులన్నీ తిరుగుతున్నారు.

"తాతయ్యా, కాస్త ఒకచోట కూర్చోండి. లెక్క తప్పుతోంది!"