సోలో అనే పాలెగాడు

పాలెగాడు భయపడి దాక్కుంటే గంగమ్మ రోజుకో వేషం వేసి వెతికింది. దొర వేషం కట్టిన రోజున వాడు నమ్మి బయటికొచ్చి తల పోగొట్టుకున్నాడు. తిరుపతి తాతయ్యగుంట వీధుల్లో ఈ కథ చెప్పడానికి పెద్దవాళ్లే అక్కర్లేదు. మన ఆర్కెస్ట్రాల్లో లీడ్ గిటార్‌ది కూడా అదే వరస. పాట వెనక రిథమ్ వాయించేంతసేపూ మీసం మెలేసుకుని స్టేజీ అంతా తనదే అన్నట్టుంటుంది. తానొక్కటే ముందుకొచ్చి వినిపించాల్సిన సోలో రాగానే డ్రమ్ముల వెనకెక్కడో నక్కుతుంది. పాటయ్యాక జనంలోంచి ఒకడు నిజాయితీగా అడుగుతాడు: "ఏమబ్బా, లీడ్ వాయించినావా?"

ఇది సామాన్యమైన సమస్య కాదు. దీన్ని బయటికి రప్పించడానికి మన గిటారిస్టులు తరతరాలుగా వేస్తున్న వేషాలను నమోదు చేయడం ఈ వ్యాసం బాధ్యత.

మొదటిది గెయిన్ వేషం, అంటే డిస్టార్షన్‌లోకి సిగ్నల్‌ను ఎంత గట్టిగా తోస్తామన్నది. శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ ముందు, సిగ్నల్‌ను పెంచే బూస్టర్ పెడల్ ఒకటి పెట్టి, సోలో రాగానే తొక్కుతారు. తొక్కిన కాలికి తృప్తి కలుగుతుంది, చెవికి ఏమీ అందదు. డిస్టార్షన్ అంటేనే సిగ్నల్ తల ఒక ఎత్తులో నరికేయడం. అప్పటికే నిండిన బిందెలో ఇంకో చెంబు పోస్తే నీటిమట్టం పెరగదు, పొర్లుతుంది. ఆ పొర్లిందే బురబుర, రొద, నోట్లు ఒకదానికొకటి అంటుకుపోవడం. ఇంట్లో ఒంటరిగా వాయించినప్పుడు వీనులవిందుగా ఉన్న గెయిన్‌ను బ్యాండ్‌లో పావు వంతు తగ్గిస్తే నోటు మొదలు తెగి వినిపిస్తుంది. అయితే తగ్గించమని చెప్పినవాణ్ణి శత్రువుగా చూడటం మన సంప్రదాయం.

రెండోది ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) వేషం. గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్ నేల మీద ఉంటుంది, దాని స్పీకర్ వాయించేవాడి పిక్కల్ని చూస్తుంటుంది. దేవుడు మనిషికి చెవులు మోకాళ్లలో పెట్టలేదు. పై స్థాయి శబ్దం టార్చిలైటు వెలుగులా నేరుగా పోతుంది కాబట్టి వాయించేవాడికి మొద్దుగా వినిపిస్తుంది. అతను ట్రెబుల్ పెంచుతాడు. ముందు వరసలో కూర్చున్న పెళ్లికొడుకు మేనమామ చెవిలో సూది దిగుతుంది. విరుగుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ. దాని మీద యాంప్‌ను వెనక్కి వాల్చి పెట్టి, స్పీకర్ ముఖం మన ముఖాన్ని చూసేట్టు చేసి, ఆ తర్వాతే నాబ్‌ల మీద చెయ్యి వేయాలి. కల్యాణ మండపంలో కుర్చీలకు కరువా?

మూడోది మహా వేషం, మాస్టర్ వాల్యూం. గిటార్ పెంచితే కీబోర్డ్ పెంచుతుంది, ప్యాడ్స్ పెంచుతాయి, డ్రమ్మర్ చెయ్యి బరువెక్కుతుంది, పాడే అమ్మాయి మానిటర్ కూతపెడుతుంది. అప్పుడు "యాభై వాట్లు చాలడం లేదన్నా" అంటూ వంద వాట్ల యాంప్‌కు అప్పు చేస్తారు. శక్తి రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి, అయిదు వందల వాట్లు. అంత అప్పు ఇచ్చేవాడు దొరికితే సంగీతం మానేసి మామిడి వ్యాపారం పెట్టుకోవడం మేలు.

ఇక దొర వేషం. సోలోకు కావలసిన పెంపు 3 నుంచి 6 డెసిబెల్స్ మాత్రమే. అది డిస్టార్షన్ అయిపోయాక కలవాలి. యాంప్ వెనక సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలుంటే, శబ్దానికి రంగు దిద్దే ప్రీయాంప్‌కూ బలమిచ్చే పవర్ యాంప్‌కూ మధ్య ఉన్న ఆ దారిలో (దీన్నే లూప్ అంటారు) బూస్టర్ పెట్టాలి. శబ్దాన్ని పట్టీలుగా విడదీసి పెంచే, దించే ఈక్వలైజర్ పెడల్ అయితే ఇంకా మంచిది. బాస్ కంపెనీ జీఈ-7 లాంటి దానిలో 800 హెర్ట్జ్ పట్టీని 4 డెసిబెల్స్, లెవెల్ పట్టీని 3 పెంచితే చాలు, 100 హెర్ట్జ్ పట్టీని కాస్త దించొచ్చు. కింది శబ్దం బేస్ గిటార్ ఆస్తి. ఒంటరిగా విన్నప్పుడు మిడ్ (నడిమి స్థాయి) తగ్గించిన శబ్దం గంభీరంగా తోస్తుంది, బ్యాండ్‌లో సోలోను దాచే గోతం కూడా అదే. లూప్‌లో పెట్టిన పెడల్ గరగరమంటే, యాంప్ వెనక లెవెల్ స్విచ్ ఉందేమో చూసి +4 నుంచి -10కి మార్చాలి.

లూప్ లేని యాంప్ అయితే, యాంప్‌ను క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) ఉంచి, ముందు డిస్టార్షన్ పెడల్, దాని తర్వాత బూస్టర్. పదిహేను వాట్ల ప్రాక్టీస్ యాంప్‌ను ఇప్పటికే చివరిదాకా తిప్పి ఉంటే ఇదీ పనిచేయదు, పెరగడానికి చోటు ఉండదు కదా. అప్పుడు పైసా ఖర్చులేని దారి ఒకటుంది. రిథమ్‌కు గిటార్ మీది వాల్యూం 7లో, సోలోకు 10లో. డిస్టార్షన్ తక్కువగా ఉంటేనే దీనికి ఫలం. 7 దగ్గర శబ్దం మొద్దుబారితే వాల్యూం పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) మీద ఒక నానోఫారడ్ కెపాసిటర్, పక్కనే 150 కిలోఓమ్ రెసిస్టర్ టంకం వేయించుకోవచ్చు.

సౌండ్ చెక్ వరస కూడా తిరగేయాలి. అందరూ రిథమ్ సరిచూసుకుని సోలోను దేవుడికి వదిలేస్తారు. బూస్టర్ తొక్కి, డ్రమ్మర్ పూర్తి బలంతో కొడుతుండగా మాస్టర్‌ను సోలోకు సరిపెట్టాలి. పెడల్ తీసేస్తే మిగిలేదే రిథమ్. అది తక్కువగా తోస్తుంది, తోచనివ్వండి.

ఇంతకన్నా చవకైన ఉపాయం ఒకటి ఉందిగానీ, చెప్పడానికే భయం. సోలో వచ్చినప్పుడు మిగతావాళ్లు తగ్గడం. రెండో గిటార్ నాబ్ రెండు అంకెలు దించి, కీబోర్డ్ ఆయన స్ట్రింగ్స్‌ను ఒక ఆక్టేవ్ కిందికో పైకో జరిపితే సగం బూస్టర్ అక్కర్లేదు. దీనికి ఒప్పుకున్న కీబోర్డ్ ఆయనకు మహతి ఆడిటోరియంలో సన్మానం చేయాలి.

మైకు పెట్టి పెద్ద స్పీకర్లకు కలిపిన చోట మిక్సర్ ముందున్న మనిషికి సోలో ఎక్కడొస్తుందో కాగితం మీద రాసివ్వాలి. లేకపోతే గిటార్ ఎగరగానే ఎవడో నాబ్ తిప్పాడనుకుని ఫేడర్ (మిక్సర్ మీది జారుడు మీట) దించేస్తాడు. లేదంటే మోత హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తానే నొక్కేస్తుంది. ఖాళీ మండపంలో చేసిన సర్దుబాటు జనం నిండాక మారిపోతుంది, బట్టలూ ఒళ్లూ పై శబ్దాన్ని మింగేస్తాయి. మొదటి పాటకు ఒకసారి చూసుకోవాలి. ఎట్లాగూ బహిరంగ స్థలంలో 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి పదికి లౌడ్‌స్పీకర్లు ఆపాలి కాబట్టి, మంచి సోలో ఉన్న పాటను ఆఖరుకు దాచుకోవడం తెలివి కాదు.

సరిపెట్టిన ప్రతి నాబ్ పక్కనా తెల్ల టేపు అంటించి పెన్నుతో గీత గీయాలి. టీ తాగి వచ్చేసరికి మాస్టర్ పక్కన గీత ఒక చోట, ముల్లు ఇంకో చోట ఉంటే, కీబోర్డ్ ఆయన వైపు చూడండి. ఆయన అదే పనిగా వైర్లు చుడుతూ ఉంటాడు.