బెల్లం కలిపితే రొయ్యలు పెరిగిపోవు: బయోఫ్లాక్ ప్రచారానికి జవాబు

"పెరట్లో తార్పాలిన్ ట్యాంకు కట్టండి. కాస్త బెల్లం, ప్రోబయాటిక్ కలపండి. నీళ్ళు మార్చే పని లేదు, మేత దాదాపు అక్కర్లేదు, జబ్బులు రావు, లక్షలు మిగులుతాయి." బయోఫ్లాక్ పద్ధతిలో రొయ్యల పెంపకం గురించి వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది. ట్యాంకు నీళ్ళలోనే బ్యాక్టీరియాను పెంచి, మురికిని దానిచేత తినిపించడమే బయోఫ్లాక్. ఆ బ్యాక్టీరియా కట్టే చిన్న ముద్దలే ఫ్లాక్. దీన్ని నమ్మి అప్పు చేసి దిగే కుర్రాళ్ళు ఉన్నారు కాబట్టి, ఇందులో ఏది నిజమో చూద్దాం.

నీళ్ళ మార్పిడి బాగా తగ్గుతుంది, నిజమే. కానీ మురికి ట్యాంకులోనే ఉంటుంది. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత కిలో వేస్తే అందులో నత్రజని 56 గ్రాములు. రొయ్య ఒంటికి పట్టేది సుమారు నాలుగో వంతే. మిగతాది నీళ్ళలో చేరుతుంది, అందులో చాలా భాగం రొయ్యకు విషమైన అమ్మోనియాగా. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని బ్యాక్టీరియా వాడుకోవాలంటే దాదాపు 20 గ్రాముల పిండిపదార్థం (బెల్లం లాంటిది) కావాలి. అంటే ఫ్లాక్ పట్టే రోజుల్లో కిలో మేతకు అరకిలో పైనే. 'కాస్త బెల్లం' ఎక్కడ సరిపోతుంది?

పైగా బెల్లం పడగానే బ్యాక్టీరియా పెరిగి ఆక్సిజన్ లాగేస్తుంది. ఫ్లాక్ చిక్కగా ఉన్న నీరు గంటకు లీటరుకు 2 నుంచి 6 మిల్లీగ్రాములు వాడుకోగలదు. ఆ నీళ్ళలో ఉండేదే 5, 6 మిల్లీగ్రాములు. కరెంటు పోయి జనరేటర్ మొరాయిస్తే గంటలోపే పంట మొత్తం పోవచ్చు. నీళ్ళలోకి గాలి కొట్టే బ్లోయర్ రెండోది, జనరేటర్, డీజిల్, రాత్రి కాపలా: అసలు ఖర్చు ఇక్కడుంది. వీడియోల్లో ఇది చూపించరు.

రోజువారీ పని కూడా తక్కువేం కాదు. లీటరు నీళ్ళు కొలత గీతలున్న గరాటు లాంటి కోన్‌లో పోసి 20 నిమిషాలు ఆగితే గోధుమరంగు ఫ్లాక్ అడుగుకు దిగుతుంది. రొయ్యలకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు చాలు. మించితే మొప్పలకు పడుతుంది, బురద తీయాల్సిందే. ఆల్కలినిటీ (నీటి పీహెచ్‌ను నిలకడగా ఉంచే గుణం) పడిపోతూ ఉంటుంది, సోడా (సోడియం బైకార్బనేట్) వేస్తూ ఉండాలి. మొదటి వారాల్లో నైట్రైట్ (అమ్మోనియా నుంచి పుట్టే మరో విషం) పెరిగితే బెల్లం పనిచేయదు. దాన్ని తినే బ్యాక్టీరియా వేరు, అది నెమ్మదిగా పెరుగుతుంది. ఉప్పు తక్కువున్న బోరు నీళ్ళలో అదే నైట్రైట్ ఇంకా ప్రమాదం.

మేత విషయంలో కొంత నిజం ఉంది. వనామీ రకం రొయ్య ఫ్లాక్‌ను తింటుంది, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్య పెరగడానికి పట్టే మేత) తగ్గుతుంది. అయినా ఫ్లాక్ నుంచి అందేది మహా అయితే నాలుగో వంతు, కాస్త పైన. మిగతా మేత కొనాల్సిందే.

బయోఫ్లాక్ మోసమని నేను అనడం లేదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో 1990ల చివర్లోనే వాణిజ్య స్థాయిలో పండించి చూపించారు. ప్లాస్టిక్ లైనర్ పరిచిన చెరువులు, భారీగా ఏరేషన్ (నీళ్ళలోకి గాలి కొట్టడం), శిక్షణ ఉన్న మనుషులు, ఇవన్నీ పెట్టాకే అది సాధ్యమైంది.

ఇక 'జబ్బులు రావు' అన్నది వీటన్నిటికంటే ప్రమాదకరమైన మాట. మంచి ఫ్లాక్ విబ్రియో అనే జబ్బు బ్యాక్టీరియాను కొంత అదుపులో ఉంచవచ్చు. తెల్ల మచ్చల జబ్బు తెచ్చే వైట్ స్పాట్ వైరస్ సీడ్‌తోనే (పిల్ల రొయ్యలతోనే) వస్తే ఫ్లాక్ ఆపలేదు. రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి రొయ్య మలం ద్వారా పాకుతుంది, నీరు మార్చని ట్యాంకులో ఆ మలం అక్కడక్కడే తిరుగుతుంది. కాబట్టి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతి ఉన్న హేచరీ నుంచే సీడ్ తీసుకోండి. వైట్ స్పాట్, ఈహెచ్‌పీ రెండిటికీ పీసీఆర్ (ల్యాబ్ జన్యు పరీక్ష) చేయించి, రిపోర్టు చేతికి వచ్చాకే ట్యాంకులో వదలండి. ఆ టెస్టు దండగ, మా ప్రోబయాటిక్ చాలు అనేవాళ్ళ దగ్గర ఏమీ కొనకండి.