మహారాజశ్రీ మూడు నిమిషాల టైమరు గారికి

స్కూల్ బోర్డు మీటింగు హాలు, మైకు పక్కన, బే ఏరియా, కాలిఫోర్నియా.

అయ్యా,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మైకు ముందు మాట్లాడేవాళ్లకి సమయం కొలిచే తమరి పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు మూడూ నిక్షేపంగా వెలుగుతున్నాయని మంగళవారం రాత్రి కళ్లారా చూసి సంతోషించాం.

హైస్కూలు గడ్డి మైదానం తీసేసి టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి కార్పెట్ పరిచే పని ఆ రోజు అజెండాలో పద్నాలుగో అంశం. పేరు కూడా ముచ్చటగా పెట్టారు: ‘అథ్లెటిక్ ఫీల్డ్, కమ్యూనిటీ ఇన్‌పుట్’. సాయంత్రం ఆరున్నరకి మొదలైన మీటింగులో దాని వంతు వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. పిల్లల్ని పడుకోబెట్టాల్సినవాళ్లు, తెల్లారి షిఫ్టు ఉన్నవాళ్లు అప్పటికే లేచి వెళ్లిపోయారు. కన్సల్టెంటు గారు తీరిగ్గా నలభై నిమిషాలు స్లైడ్లు చూపించారు. ఆ నలభై నిమిషాలూ తమరు కళ్లు మూసుకునే ఉన్నారు. స్లైడ్లయ్యాక ప్రెసిడెంటు గారు మాట్లాడదలచినవాళ్లు రాసిచ్చిన స్పీకర్ కార్డుల కట్టని చేత్తో తూచి, “ఈ రాత్రికి మనిషికో నిమిషం” అని సెలవిచ్చారు. తమరు దిగ్గున మేల్కొన్నారు.

మూడు నిమిషాల వంశంలో పుట్టి ఒక్క నిమిషానికి దిగడానికి తమరికి ఏ అభ్యంతరమూ లేకపోయింది. చట్టం ప్రకారం తప్పూ కాదు. ఇలాంటి బోర్డుల మీటింగులు బహిరంగంగా జరగాలనే 1953 నాటి కాలిఫోర్నియా చట్టం బ్రౌన్ యాక్ట్ జనానికి మాట్లాడే హక్కిచ్చింది, ఆ మాటకి సహేతుకమైన హద్దు పెట్టుకునే హక్కు బోర్డుకిచ్చింది. చాలా బోర్డుల బైలాల్లో మనిషికి 3 నిమిషాలు, అంశానికి మొత్తం 20 నిమిషాలు అని ఉంటుంది. ఆ 20లో ఆరుగురు నిండుగా పడతారు. ఏడో మనిషి కార్డు ఇచ్చాడంటే అందరికీ కోతే. కన్సల్టెంటుకి హద్దు పెట్టే బైలా ఏదని వెతికితే మాత్రం కనపడదు.

ఒక నిమిషంలో ఏం పడుతుందో తమరికి తెలిసే అవకాశం లేదు. తమరెప్పుడూ మైకు ముందు నిలబడలేదు కదా. పేరు, వీధి, నమస్కారం కలిపి పది సెకన్లు. మిగిలిన యాభైలో చెప్పాల్సినవి ఇవీ.

ఫుట్‌బాల్, సాకర్ రెండూ ఆడే టర్ఫ్ మైదానం సుమారు 80,000 చదరపు అడుగులుంటుంది. ప్లాస్టిక్ గడ్డి పోచల మధ్య నింపడానికి చదరపు అడుక్కి 3 పౌండ్ల చొప్పున రబ్బరు పోస్తే 240,000 పౌండ్లు, అంటే 120 టన్నుల పాత టైర్ల తురుము. అది పోసినచోట ఉండదు. పిల్లల బూట్లలో ఇంటికొస్తుంది, వానకి కొట్టుకుపోయి డ్రైన్లలో పడుతుంది. అందుకని మైదానం అంచున కాంక్రీటు కర్బ్ ఎత్తుగా కట్టాలి, డ్రైన్ ఇన్‌లెట్లకి ఫిల్టర్లు పెట్టాలి, గేటు దగ్గర బూట్లు దులుపుకునే జాలీ వెయ్యాలి. డ్రాయింగుల్లో ఈ మూడూ ఏ షీటులో ఉన్నాయి? పచ్చ దీపం.

కార్పెట్ కింద నాలుగు నుంచి ఆరు అంగుళాల కంకర బేస్ పడుతుంది. కంకరలో పొడి ఎక్కువైతే నీళ్లు దిగవు. తక్కువైతే రోలర్ కింద కుదురుకోదు, కొన్నాళ్లకి మైదానం ఎగుడుదిగుడవుతుంది. కార్పెట్ పరిచేముందే నీళ్లు ఎంత వేగంగా ఇంకుతున్నాయో పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి, ఎందుకంటే పరిచాక తప్పు కనపడదు, కనపడ్డా తియ్యరు. ఆ కాగితం ఎవరు చూస్తారు? ఆట మొదలయ్యాక గోల్ ముందు, పెనాల్టీ స్పాట్ దగ్గర రబ్బరు ముందుగా పల్చబడుతుంది. అక్కడ తల తగిలితే నేల గట్టిగా తగులుతుంది. ఆ గట్టిదనానికి కొలత జీ-మ్యాక్స్. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం ఏ పాయింటు దగ్గరా అది 200 చేరకూడదు. ఏటా ఈ పరీక్ష చేయించడానికి డబ్బు ఏ పద్దులో రాశారు? పసుపు దీపం.

ఇక ఎండ. వేడి రోజుల్లో మధ్యాహ్నం పూట టర్ఫ్ పైభాగం 150 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం వింతేం కాదు. నీళ్లు కొడితే చల్లబడుతుంది, ఆరగానే మళ్లీ కాలుతుంది. నీళ్లు ఆదా చేయడానికే టర్ఫ్ అని చూపించిన స్లైడులో ఈ నీళ్ల లెక్క...

ఎర్ర దీపం. “థాంక్యూ. నెక్స్ట్ స్పీకర్.”

టర్ఫ్ అంటేనే గిట్టనివాళ్లం కాదు మేమందరం. ఇక్కడి గడ్డి మైదానం జనవరిలో బురద. నేల తవ్వే గోఫర్ ఎలుకల బొరియల్లో పిల్లల మడమలు మెలికపడతాయి. ఫుట్‌బాల్, సాకర్, లాక్రాస్, మార్చింగ్ బ్యాండ్ నాలుగూ ఒకే నేల మీద తిరిగితే ఏ గడ్డీ బతకదు. కోచ్‌ల మాటలో నిజముంది. రబ్బరు రసాయనాల మీద పర్యావరణ సంస్థ ఈపీఏ తదితర ఫెడరల్ సంస్థలు 2024లో విడుదల చేసిన నివేదిక, ఆటగాళ్ల ఒంట్లోకి చేరేది పరిమితమే కావచ్చంది. ఇది ప్రమాదమెంతో తేల్చే రిస్క్ అసెస్‌మెంట్ కాదని కూడా అదే నివేదిక చెప్పింది. ఇటువాళ్లు మొదటి ముక్క చదువుతారు, అటువాళ్లు రెండోది. రెండూ కలిపి చదవడానికి తమరి నిమిషం చాలదు.

కానీ అసలు కడుపుమంట నిమిషం గురించి కాదు, ఆ నిమిషం ఎప్పుడిచ్చారన్నదాని గురించి.

మైదానం పుట్టే వరస ఇదీ. ముందు ఫెసిలిటీస్ మాస్టర్ ప్లాన్. తర్వాత బ్యాలట్ మీద బాండ్, అంటే బడి పనులకి అప్పు తెచ్చి ప్రాపర్టీ ట్యాక్సుతో తీర్చడానికి జనం ఓటు. 2000లో జనం ఓటేసి నెగ్గించిన ప్రాప్ 39 అనే ప్రతిపాదన వచ్చాక 55 శాతం ఓట్లు చాలు, కాకపోతే ఏయే పనులు చేస్తారో జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలో ‘అథ్లెటిక్ సౌకర్యాల ఆధునికీకరణ’ అని ఒక లైను ఉంటుంది. ఆ మూడు మాటల్లో గడ్డికి విత్తనాలు చల్లడం దగ్గర్నుంచి స్టేడియం దాకా ఏదైనా ఇమిడిపోతుంది. తర్వాత ఆర్కిటెక్టు, మట్టి పరీక్ష, స్కీమాటిక్ డిజైను. మనిషి మాటకి విలువుండేది ఇక్కడే. గీత పెన్సిలుతో ఉన్నప్పుడు మైదానాన్ని ఇరవై అడుగులు అటు జరపమంటే జరుగుతుంది. ఆ తర్వాత డ్రాయింగులు స్టేట్ ఆర్కిటెక్ట్ డివిజన్‌కి వెళ్తాయి. ఆమోదం పొందిన షీటులో ఒక్క స్తంభం కదపాలన్నా మళ్లీ ఫీజు, మళ్లీ నెలలు. అప్పుడు “ఇప్పుడేం చెయ్యలేమండీ” అన్నమాట అబద్ధం కూడా కాదు.

మన మైదానం విషయంలో ఈ మెట్లన్నీ ఎక్కడ జరిగాయి? కన్సెంట్ క్యాలెండర్‌లో. ముప్ఫై నలభై అంశాలు ఒకే మూటగా కట్టి, చర్చ లేకుండా ఒకే ఓటుతో దాటించే పద్ధతి అది. ఆర్కిటెక్టు కాంట్రాక్టు అందులో ఒక లైను, దాని అమెండ్‌మెంటు మరో లైను. టర్ఫ్ కోఆపరేటివ్ పర్చేజింగ్ ఒప్పందం కింద కొంటున్నారు, అంటే ప్రత్యేకంగా బిడ్లు పిలిచే పని లేదు, కంపెనీ ముందే ఖాయం. కాలిఫోర్నియా పర్యావరణ చట్టం సీక్వా కింద ‘ఇది పాత మైదానానికి చిన్న మార్పే’ అని మినహాయింపు నోటీసు కౌంటీ క్లర్క్ దగ్గర దాఖలు చేశారు. ఆ నోటీసు పడ్డాక కోర్టుకి వెళ్లడానికి గడువు 35 రోజులు. అది కూడా ముగిశాక, బాధ్యత గుర్తొచ్చి, మా అభిప్రాయం కోసం మంగళవారం మీటింగు పెట్టారు. తాళి కట్టేసి పెళ్లిచూపులకి పిలవడమంటే ఇదే.

మీటింగుకి ముందు ఆన్‌లైన్ సర్వే కూడా పంపారండోయ్. ట్రాక్ ఎరుపా, నీలమా? మైదానం నడుమ స్కూలు గుర్తైన మస్కట్ బొమ్మ పెద్దదా, చిన్నదా? అసలు కావాలా, ఎక్కడ కావాలి, ఎన్ని గంటలదాకా లైట్లు అన్న ప్రశ్నలు లేవు. చివర్లో ‘ఇతర వ్యాఖ్యలు’ అని ఒక గడి, దానికి అక్షరాల పరిమితి. తమరికి తోబుట్టువు అనుకుంటాం.

లైట్లంటే గుర్తొచ్చింది. 70, 80 అడుగుల స్తంభాలు వేస్తూ పక్కింటి కంచె దగ్గర వెలుగు ఎన్ని ఫుట్‌క్యాండిల్స్ పడుతుందో చెప్పే ఫోటోమెట్రిక్ ప్లాన్ ప్యాకెట్లో జతచేయలేదు. శాన్ డియేగోలో హూవర్ హైస్కూలు మైదానం లైట్ల మీద ఇరుగుపొరుగు కోర్టుకెక్కితే 2013లో అప్పీల్ కోర్టు ఏమందో మన స్కూల్ డిస్ట్రిక్టు లాయరుకి తెలియకపోదు. 2008లో జనం ఓటేసిన 2.1 బిలియన్ డాలర్ల బాండ్‌లో ఆ స్కూలుకి మైదానం లైట్లన్న మాటే లేదు కాబట్టి ఆ డబ్బు వాడకూడదంది. ట్రాఫిక్, పార్కింగ్ మీద పూర్తి పర్యావరణ నివేదిక చెయ్యమంది. అక్కడి జనం గెలిచింది మైకు ముందు మూడు నిమిషాల్లో కాదు.

డబ్బు లెక్క కూడా ఒకటుంది. టర్ఫ్ కార్పెట్‌కి వారంటీ సాధారణంగా 8 ఏళ్లు, బాగా చూసుకుంటే ఆయుష్షు పదేళ్లు, ఆపైన కొంచెం. బాండ్ అప్పు తీరేది పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో. మొదటి కార్పెట్ చెత్తకుప్పకి చేరి, దాని తర్వాతదీ చేరాక కూడా మొదటిదానికి ప్రాపర్టీ ట్యాక్సులో కడుతూనే ఉంటాం. మార్చడానికి ఏటా ఎంత పక్కన పెడుతున్నారని అడిగితే స్టాఫ్ “ఫాలో అప్ చేస్తాం” అన్నారు.

కంచె సంగతి మాత్రం క్లుప్తంగా చెప్పలేం. ఇప్పుడు ఆ పాత డొక్కు ట్రాక్ చుట్టూ సాయంత్రం నడిచేదెవరు? ఆర్నెల్లకని ఊళ్ల నుంచి వచ్చిన అమ్మానాన్నలు. కారు తోలలేరు, పగలంతా ఇంట్లో మాట్లాడే మనిషి ఉండరు. గుంటూరాయనకి కరీంనగరాయన పరిచయమయ్యేది ఆ నాలుగొందల మీటర్ల మీదే. మోకాళ్ల నొప్పులు, కోడళ్లు, అక్కడి ఎండలు అన్నీ ఆ చుట్టుల్లోనే తేలుతాయి. కొత్త ప్లాన్లో ఖరీదైన టర్ఫ్‌ని కాపాడ్డానికి ఎనిమిదడుగుల కంచె, తాళమేసే గేటు. శనివారం టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడే కుర్రాళ్లు సరే, ఇంకో చోటు వెతుక్కుంటారు. పెద్దవాళ్లెక్కడికి పోతారు? ఈ రాష్ట్రంలో సివిక్ సెంటర్ యాక్ట్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడి మైదానమూ ఊరందరి కూడలే. గేటు ఏ వేళల్లో తెరుస్తారో ఒక్క స్లైడులో ఒక్క లైను రాయడానికి నలభై నిమిషాలు చాల్లేదా?

ఇంతసేపూ తమరు, తమరు అన్నాం. ఇక చాలు. నువ్వు జనాన్ని వినడానికి పెట్టిన యంత్రానివి కాదు, విన్నట్టు రికార్డు కావడానికి పెట్టినదానివి. మీటింగు మినిట్స్‌లో ‘ప్రజల వ్యాఖ్యలు స్వీకరించబడినవి’ అని ఒక్క లైను పడటానికి నీ ఎర్ర దీపం వెలిగితే సరిపోతుంది. రాత్రి పన్నెండు కావస్తుండగా గొంతు వణుకుతూ చదువుతున్న మనిషి వాక్యం మధ్యలో ఉండగా బీప్ అన్నావు చూడు, ఆవిడ చెబుతున్నది తన పెరటి గోడకి వాననీరు ఎటు పారుతుందో. ముప్ఫై ఏళ్లుగా ఆ గోడ పక్కన ఉన్న మనిషికి తెలిసినంత నీ కన్సల్టెంటుకి తెలుసా?

సరే, నీ దీపాలు వెలగని దారులూ ఉన్నాయి. మంగళవారం మీటింగు అజెండా 72 గంటల ముందు పెట్టాలి కాబట్టి అది శుక్రవారం సాయంత్రం వస్తుంది. వచ్చిన వెంటనే కన్సెంట్ మూటలో ‘ఫీల్డ్’, ‘అమెండ్‌మెంట్’ అన్న లైన్లు పట్టుకుని, దాన్ని మూటలోంచి బయటికి తీయమని బోర్డు సభ్యులకి సోమవారమే మెయిల్ పెట్టాలి. ఒక్క సభ్యుడు అడిగినా చాలాచోట్ల అది విడిగా చర్చకొస్తుంది. పర్యావరణ నోటీసులు పంపమని డిస్ట్రిక్టుకి రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవాలి. మట్టి పరీక్ష నివేదిక, ఫోటోమెట్రిక్ ప్లాన్, టర్ఫ్ సబ్‌మిటల్ (కంపెనీ ఇచ్చిన సరుకు వివరాలు), కాంట్రాక్టు అమెండ్‌మెంట్లు పేరుపేరునా రాసి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద అడగాలి. ఉన్నాయో లేవో, ఇస్తారో లేదో పది రోజుల్లో చెప్పాలి. ‘మైదానానికి సంబంధించిన కాగితాలన్నీ’ అని అడిగితే మాత్రం నెలలు లాగుతారు. బాండ్ ఖర్చు చూసే పౌరుల కమిటీలో కనీసం ఏడుగురుండాలి, అందులో పెద్దవాళ్ల సంఘం తరఫున ఒకరు. మన దగ్గర ఆ కుర్చీ ఖాళీగా ఉంది. దరఖాస్తులు వెళ్తున్నాయి.

ఇట్లు,
ఎర్ర దీపం పడ్డాక కూడా మాట్లాడుతున్నవాళ్లు

తా.క.: అనువాదం చేసేవాళ్ల సాయంతో మాట్లాడేవాళ్లకి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2016లో బ్రౌన్ యాక్ట్‌కి సవరణ చేశారు. అప్పటికప్పుడే చెవిలో వినిపించే అనువాద పరికరాలు బోర్డు దగ్గరుంటే తప్ప. మీ హాల్లో అవి లేవని చూసుకున్నాం. మీటింగుకి రావాలంటే పేరు, అడ్రసు చెప్పితీరాలన్న షరతు పెట్టకూడదని కూడా అదే చట్టం. వచ్చే మంగళవారం ట్రాక్ మీది తాతయ్యలూ బామ్మలూ అంతా వస్తున్నారు, తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు రెండు నిమిషాలకి పెట్టుకోవాలో ఆరుకి పెట్టుకోవాలో మీ లాయరుని ముందే అడుగు.