నీళ్ళు అడిగితే బస్సు ఆగింది

తంజావూరు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇంట్లో ఎవరు మంచినీళ్ళు అడిగినా మా ఆయన నోటితో విజిల్ వేస్తున్నారు. ఆయన నలుగురికీ చెప్పేలోపు నేనే చెప్పేస్తే నయం.

తప్పంతా మా మరిదిది. "తమిళం రాకపోతే ఏం వదినా? అది మన నాయక రాజులు ఏలిన ఊరు. రఘునాథ నాయకుడు తెలుగులో కావ్యాలు రాశాడు. సరస్వతీ మహల్లో తెలుగు తాళపత్రాలున్నాయి. పక్కనే త్యాగయ్యగారి తిరువైయారు. ధైర్యంగా తెలుగులోనే మాట్లాడు" అన్నాడు. నాయక రాజుల పాలన 1673లోనే ముగిసిపోయిందని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

పెద్ద గుడి చూశాం, నందిని చూశాం, అరికాళ్ళు కాల్చుకున్నాం. హోటల్లో వత్తకుళంబు అనే ఘాటైన పులుసు రెండోసారి కూడా వేయించుకున్నాను. తిరువైయారు బస్సెక్కాం.

ముందు ఆడవాళ్ళ సీట్లలో నేను. ఎక్కడో వెనక కిటికీ పక్కన ఆయన. ఆయన ఒళ్ళో బ్యాగు, బ్యాగులో బాటిల్. వత్తకుళంబు తన పని మొదలుపెట్టింది. నాలుక పిడచగట్టుకుపోతుంటే వెనక్కి తిరిగి అరిచాను. "ఏమండీ! నీళ్ళు! నీళ్ళు!"

తమిళంలో "నిల్లు" అంటే ఆగు అని. ఆ ఇంజను మోతలో దీర్ఘాలు ఎవరు పట్టించుకుంటారు?

పక్కనున్న పెద్దావిడ ఉలిక్కిపడి, నా గొంతు చాలదనుకుందేమో, తనూ "నిల్లు, నిల్లు!" అని అందుకుంది. వెనక సీటు కాలేజీ అమ్మాయిలు శ్రుతి కలిపారు. ఆరాధన రోజున పంచరత్న కీర్తనలు వందల మంది కలిసి పాడతారే, ఆ స్థాయిలో సాగింది. కండక్టరు విజిల్ వేశాడు. బస్సు ఆగింది.

అందరూ నన్ను దిగమని సైగలు. "కాదండీ, నీళ్ళు" అన్నాను. "నిన్నాచ్చుమ్మా" అంది పెద్దావిడ, ఆగిందమ్మా అని. "అయ్యో, నీళ్ళు!" అన్నాను. "నిన్నాచ్చు, నిన్నాచ్చు!" అంది బస్సంతా. ఆగి ఉన్న బస్సును ఇంకా ఆగమంటున్న ఈ మనిషెవరా అని డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఇంగ్లీషులో అడగొచ్చు కదా అంటారేమో. ఆ సలహా నాకూ ఇప్పుడే తోస్తోంది. అప్పుడు మాత్రం, సంస్కృతం మాటైతే అన్ని భాషల్లోనూ ఒకటే కదా అనిపించి, "అవసరం! అవసరం!" అన్నాను.

తమిళంలో అవసరం అంటే అర్జెంటు.

బస్సు నిశ్శబ్దమైపోయింది. "అయ్యో పావం" అంది పెద్దావిడ. మగవాళ్ళంతా మర్యాదగా తలలు కిటికీల వైపు తిప్పుకున్నారు. వీళ్ళు కాస్త తక్కువ మంచివాళ్ళైతే ఎంత బాగుండేది అనిపించింది. పెద్దావిడ చెయ్యి పట్టుకుని దింపి, రోడ్డు పక్క ఇంటికి లాక్కెళ్ళి రెండు ముక్కలు చెప్పింది. ఆ ఇల్లాలు చేతిలో చేట పక్కన పెట్టి, నన్ను ఒక్క ప్రశ్న అడగకుండా, పెరట్లోకి తీసుకెళ్ళి బాత్రూం తలుపు తీసి లైటు వేసింది.

లోపల బకెట్ నిండా నీళ్ళు.

ఇక అక్కడ ఎంతసేపుండాలన్నది సమస్య. వెంటనే బయటికొస్తే ఈ మాత్రానికా బస్సాపింది అంటారు. ఆలస్యం చేస్తే బస్సు బస్సంతా బెంగపెట్టుకుంటుంది. అరవై దాకా లెక్కపెట్టాను. బయట ఇద్దరూ ఎదురుచూస్తున్నారు కదా, బాగుండదని, రెండు మగ్గులు చప్పుడయ్యేలా పోశాను.

బస్సు అక్కడే ఉంది. ఒక్కరూ విసుక్కోలేదు. "ఇప్పో సరియా?" అని పెద్దావిడ డ్రైవరుకు కూడా వినపడేలా అడిగింది. తంజావూరు బొమ్మలా తలాడించాను.

తమిళంలో నీళ్ళను "తణ్ణి" అంటారని కాలేజీ అమ్మాయి దిగేముందు చెప్పింది. ఆ మాట వినగానే మా మరిదే గుర్తొచ్చాడు.

మా ఆయన వెనకనుంచి అంతా చూస్తూనే ఉన్నారట. "ఆడవాళ్ళ విషయం, మధ్యలో నేనెందుకని ఊరుకున్నా" అన్నారు. తిరువైయారులో దిగాక బాటిల్ చేతికిచ్చారు. అడుగున రెండు గుక్కలున్నాయి.