గాడి లేని వైపు

విజయనగరం మొత్తం మీద పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం పాటలు వినేవాళ్లు ఎందరుంటారో గాని, మా వీధికి మాత్రం నేనొక్కడినే. ఆ ఒంటరితనాన్ని ముప్పై ఏళ్లుగా ఒక బిరుదులాగా మోసుకు తిరుగుతున్నాను. వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్' ఆల్బమ్ 1973 మార్చిలో వెలువడిందనీ, లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో తయారైందనీ, 1988 నాటికి, ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల పేర్లు వారంవారం వేసే అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 741 వారాలు కొలువుతీరిందనీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతూనే ఉంటాను. వీళ్లలో అడగనివాళ్ల సంఖ్యే ఎక్కువ.

ఆ ఆల్బమ్‌కు యాభై ఏళ్లు నిండిన సందర్భంగా 2023లో ఒక పెద్ద రికార్డుల పెట్టె విడుదలైంది. దాన్ని మనసు చంపుకొని వదిలేశాను. 2024 ఏప్రిల్‌లో అదే స్వర్ణోత్సవం పేరిట గాజులాగా అటునుంచి ఇటు కనిపించే రికార్డులు రెండు విడుదలయ్యేసరికి మాత్రం నిగ్రహం నిలవలేదు. నిజానికి ఆ ఆల్బమ్ అంతా ఒకే రికార్డు రెండు వైపులా చక్కగా సరిపోతుంది. మరి ఇప్పుడు రెండెందుకయ్యా అన్న ప్రశ్న డబ్బు కట్టేముందే వేసుకోవలసింది. నేను వేసుకోలేదు గాని మా ఆవిడ వేసింది.

"పాటలు రెట్టింపా?"

"అవే పాటలు."

"మరి రికార్డులు?"

"రెండు."

ఆమె ఇంకేమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి, పోపు కొంచెం గట్టిగానే వేసింది.

పార్సిలు వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, మా అమ్మ వసారాలో చాప మీద నిద్రపోతూండగా, కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చున్నాను. రికార్డు మీద అట్ట మీది రంగుల బొమ్మనే అచ్చువేశారు. శుభలేఖలో వినాయకుడున్న వైపు పైకి ఉన్నట్టే, రికార్డుకూ బొమ్మ ఉన్న వైపే పైకి ఉండాలన్న ధీమాతో దాన్ని అలాగే పెట్టి ముల్లు దించాను. ఏమీ వినబడలేదు. నేను కంగారు పడలేదు, ఎందుకంటే ఈ ఆల్బమ్ నిశ్శబ్దంలోంచి మెల్లమెల్లగా పుట్టే గుండె చప్పుడుతో మొదలవుతుందని తెలిసిన పండితుడిని. ఆ సంగతే మా ఆవిడకు వివరిస్తూ వాల్యూమ్ సగానికి తిప్పాను. వివరణ పొడుగైన కొద్దీ మూడొంతులకూ, ఆపైన పూర్తిగానూ తిప్పాను. అప్పుడు వినబడింది, అట్ల పెనం మీద మాడు గీకుతున్నట్టు గరగరమని ఒక చప్పుడు. చూస్తూండగానే ముల్లు బొమ్మ మీదుగా జారుకుంటూ పోయి నడుమనున్న కాగితాన్ని తాకింది.

"గుండె ఆగిపోయినట్టుందండీ," అంది మా ఆవిడ.

రెండో రికార్డుదీ అదే వరస. పాటలు లేని రికార్డులు అంటగట్టారని, అమ్మినవాళ్లకు నిప్పులు చెరుగుతూ ఫిర్యాదు రాసి పంపించి, తరువాతనే పక్కింటి మేష్టారిని పిలిచాను. ఆయన 1919లో మా ఊళ్లో వెలసిన సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్న పెద్దమనిషి. చిన్నతనంలో గ్రామఫోను ముళ్లు మార్చిన చెయ్యి. రికార్డును కిటికీ వెలుగులోకి ఎత్తి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, బొటనవేలి గోరును అంచు నుంచి నడిమికి సుతారంగా లాగి చూశారు.

"బాబూ, ఈ వైపు గాడి లేదు. ఇది వట్టి బొమ్మ. తిరగేసి చూశావా?"

ప్రపంచంలో ఏ రికార్డునైనా ముందు తిరగేసి చూస్తారు. నేను చూడలేదు. బొమ్మ అచ్చువెయ్యడానికి ఒక వైపు నున్నగా వదిలేసి, రెండో వైపున మాత్రమే పాటలు ఎక్కించారు కనుకనే ఒక రికార్డు కాస్తా రెండయింది. ఈ ముక్క అమ్మకపు వివరాల్లోనే ఉంది. నేను ధర వరకే చదివాను.

మేష్టారు మొదటి రికార్డును తిరగేసి, మచ్చు చూద్దామంటూ ముల్లును గాడుల మధ్యనున్న సందులో సరిగ్గా 'టైమ్' పాట మొదట్లో దించారు. వాల్యూమ్ సంగతి ఇద్దరికీ జ్ఞాపకం లేదు. మొదట టిక్కుటిక్కుమన్నది. ఆ తరువాత లోకంలోని గోడగడియారాలన్నీ ఒక్కుమ్మడిగా మా ముందుగదిలో పన్నెండు కొట్టాయి.

"ఓరి నాయనో, అగ్గిబండొచ్చినాది! ఎవులిల్లు కాలతందిరా?" అంటూ మా అమ్మ చాప మీది నుంచి లేచి వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటాయన రెండు బక్కెట్ల నీళ్లతో మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ముల్లు ఎత్తేసి, ఆ గడియారాల చప్పుళ్లను అలాన్ పార్సన్స్ అనే ఇంజనీరు ఒక పాత గడియారాల దుకాణంలో విడివిడిగా రికార్డు చేశాడనీ, నాలుగు దిక్కుల నుంచి ధ్వని వినిపించే పద్ధతిని చూపించడానికి మొదట అలా చేశాడనీ ఆయనకు వివరించాను. నీళ్లు కింద పెట్టకుండానే అంతా విని, "మనకు గంటస్తంభం ఒకటి ఉంది కదండీ, చాలదా?" అని వెళ్లిపోయాడు.

మర్నాడు సాయంత్రం, చిటికెన వేలితో తిప్పేటంత వాల్యూములో, రెండో రికార్డు పెట్టాం. 'మనీ' మొదట్లో చిల్లర గలగలలు వినగానే మేష్టారి అరచెయ్యి తొడ మీదికి చేరింది. "తకిట తకధిమి... ఏడు! ఇది మన మిశ్రచాపు తాళం కదయ్యా!" నడుమ గిటారు అందుకోగానే లెక్క నాలుగుకు మారేసరికి మొహం చిట్లించి, పాట మళ్లీ ఏడులోకి వచ్చినప్పుడు పారిపోయిన శిష్యుడు తిరిగి వచ్చినంత సంతోషించారు. నా ముప్పై ఏళ్ల పాండిత్యంలో ఈ ఏడు సంగతి ఏనాడూ లేదని ఆయనకు చెప్పలేదు.

అంతలో కొరియరు కుర్రవాడు వచ్చి, పాటలు లేని రికార్డులు వెనక్కి తీసుకెళ్లమన్నారండీ అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. లోపల పాట నిక్షేపంగా మోగుతోంది. నేను మాటలు వెతుక్కుంటూండగా మా అమ్మే అతడికి మజ్జిగ ఇస్తూ చెప్పేసింది.

"ఏటీ నేదు బాబూ. మావోడు బోర్లించి ఎట్టీసినాడు."